వంతెన బాగున్నప్పుడే ఏ పని చేయించాలి? గంజాం నుంచి కోరాపుట్ దాకా ఒక పోలిక

ఏటా శివరాత్రి దాటేసరికి రోడ్ల డివిజన్ ఆఫీసుల్లో ఒకటే చర్చ. మార్చి ఆఖరులోగా ఖర్చు పెట్టాల్సిన మెయింటెనెన్స్ డబ్బు కొంత మిగిలి ఉంటుంది. బల్ల మీద రెండు ఎస్టిమేట్లు ఉంటాయి. ఒకటి, పెచ్చులూడి ఊచలు బయటపడ్డ ఒక్క పాత వంతెనకి పెద్ద రిపేరు. రెండోది, పైకి ఏ జబ్బూ కనబడని ముప్పై వంతెనల మీద నీళ్ళ గొట్టాలు తెరిపించడం, జాయింట్లలో (స్లాబు ముక్కల మధ్య సందుల్లో) మట్టి తీయించడం, బేరింగుల (స్తంభానికీ వంతెన పైభాగానికీ మధ్య ఉండే దిండ్ల) చుట్టూ చెత్త ఎత్తించడం, స్తంభాల మొదట్లో కోత చూసి రాళ్ళు పేర్పించడం. చాలాసార్లు మొదటిదే గెలుస్తుంది. రిపేరుకి ముందు ఒక ఫోటో, తరవాత ఒక ఫోటో పెట్టి చూపించొచ్చు. శుభ్రం చేసిన గొట్టం ఫోటో ఎవరికి చూపిస్తాం?

నేను పర్లాకిమిడిలో పుట్టాను. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, డ్రాయింగుల మీద ఇంగ్లీషు. ఇరవై ఏళ్ళకు పైగా దక్షిణ ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో వంతెనల కింద తిరిగాను. ఈ మధ్య జూనియర్ ఇంజనీర్లుగానూ, కాంట్రాక్టర్ల దగ్గర సైటు ఇంజనీర్లుగానూ చేరుతున్న మన తెలుగు పిల్లలు చాలామంది నన్ను అడిగేది ఒకటే: "సార్, రెండిట్లో ఏది రాయమంటారు?" ఒక్కో పనికీ ఎదురయ్యే దారులేమిటో, వాటిలో నేను ఏది ఎంచుకుంటానో, ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

చెడిపోయినదానికి ముందా, బాగున్నదానికి ముందా

2023 మే నెలలో మన పొరుగునే ఇచ్ఛాపురంలో బాహుదా నది మీది పాత వంతెన గ్రానైటు రాళ్ళ లారీ వెళ్తుండగా కూలిపోయింది. అది 1929లో కట్టినది. ఆ వార్త విన్నాక మా వాళ్ళందరూ పాత వంతెనల జాబితాలు తీశారు, ఉన్న డబ్బంతా వాటికే పెట్టాలన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ అంత వయసున్న వంతెన మీద ముందుజాగ్రత్త పనికి కాలం దాటిపోయింది. దానికి కావలసినవి వేరు: బరువు బండ్లు రాకుండా ఎత్తు గేటు, వెంటనే లోడు లెక్క, పక్కన కొత్త వంతెన. 2016 ఆగస్టు 2 రాత్రి మహారాష్ట్రలో మహాడ్ దగ్గర సావిత్రి నది మీది బ్రిటిష్ కాలపు రాతి వంతెన వరదలో కొట్టుకుపోయి బస్సులు నదిలో పడ్డాక, అక్కడ కొత్త వంతెన 165 రోజుల్లో కట్టారు. అంత తొందరగా కట్టగలిగినవాళ్ళం, పాతది నిలబడి ఉన్నప్పుడే కట్టి ఉండొచ్చు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కాంక్రీటు కట్టడాల గురించి డి సిట్టర్ అనే ఇంజనీరు 1984లో ఒక లెక్క చెప్పాడు. కట్టేటప్పుడు ఒక రూపాయి పెట్టి సరిగ్గా చేయాల్సింది వదిలేస్తే, తుప్పు మొదలవకముందు దాన్ని సరిచేయడానికి ఐదు రూపాయలు అవుతాయి. తుప్పు అక్కడక్కడ మొదలయ్యాక ఇరవై ఐదు, అంతటా పాకాక నూట ఇరవై ఐదు. ఈ అంకెలు ఏ వంతెనకీ అచ్చంగా సరిపోవు. పోకడ మాత్రం నేను చూసిన ప్రతిచోటా ఇదే.

జాతీయ రహదారుల వంతెనల వివరాలు ఎక్కించడానికి కేంద్రం 2016 అక్టోబరులో ఐబీఎంఎస్ (ఇండియన్ బ్రిడ్జ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) అనే వ్యవస్థ మొదలుపెట్టింది. అందులో ప్రతి వంతెనకీ ఒక గుర్తింపు నంబరు, ఒక్కో భాగానికీ 0 నుంచి 9 దాకా మార్కు ఉంటాయి. 9 అంటే కొత్తదానిలా ఉందని, 0 అంటే పనికిరాదని. అమెరికాలో 1967 డిసెంబరులో సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది పోయాక పెట్టిన తనిఖీ నియమాల నుంచి ఈ 0–9 పద్ధతి ఎదిగింది. అక్కడ 7, ఆ పైన ఉంటే మంచి స్థితి, 5–6 నడిమి స్థితి, 4, ఆ కింద ఉంటే చెడ్డ స్థితి అంటారు.

నా సలహా సూటిగా చెబుతాను. ముందుజాగ్రత్త పద్దు కింద వంద రూపాయలు వస్తే, 5–6 మార్కుల వంతెనలకి అరవై పెట్టండి. ఇవాళ చేతికందేవి, రేపు జారిపోయేవి అవే. 7 దాటినవాటిని కడగడానికి, గొట్టాలు తెరవడానికి ముప్పై చాలు. మిగిలిన పది తుపాను తరవాత హఠాత్తుగా వచ్చే పనులకి చేతిలో ఉంచుకోండి. 4, ఆ కింద ఉన్నదానికి ఈ డబ్బులోంచి ఒక్క రూపాయి కూడా తీయకండి. దానికి వేరే పద్దు కింద, వేరే ఫైలు మీద, గట్టిగా అడగండి. అడిగినన్నాళ్ళూ దాని మీద బరువు బండ్లు ఆపండి.

ముందు ఆ వంతెనకి ఏ నీళ్ళు తగులుతున్నాయో చూడండి

ఒకే రకం వంతెనని తీరాన గోపాల్‌పూర్ దగ్గర కట్టినా, గజపతి జిల్లా మోహన కొండల్లో కట్టినా డ్రాయింగు ఒకటే ఉండొచ్చు. అది చెడిపోయే తీరు ఒకటి కాదు. నేను ఈ జిల్లాల్ని మూడుగా విడదీసి చూస్తాను.

బరంపురం, ఛత్రపురం, గంజాం పట్టణం వైపు, అంటే 16వ నంబరు జాతీయ రహదారి సముద్రానికి దగ్గరగా పోయే చోట, శత్రువు ఉప్పుగాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలి ఉప్పు తుంపరని ఎంత లోపలికి మోస్తుందో ఆ వారం మా ఇంటి కిటికీ చువ్వల మీద చేత్తో తడిమి చూశాను. ఉప్పు కాంక్రీటులోకి దిగిందంటే లోపలి ఊచ పైకి ఏమీ తెలియకుండానే తుప్పు పడుతుంది.

గజపతి, రాయగడ వైపు శత్రువు గెడ్డ, అంటే కొండవాగు. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, వాటిలో కలిసే పేరులేని గెడ్డలు పొద్దున మోకాలి లోతు ఉంటాయి, సాయంత్రానికి చెట్లను వేళ్ళతో సహా మోసుకొస్తాయి. 2017 జూలైలో రాయగడ జిల్లాలో తెరువలి, సింగపురం రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక గజపతి కొండల్లో చరియలు విరిగి మట్టీ బండరాళ్ళూ కలిసి దిగాయి. ఆ రోజుల్లో 326ఏ రోడ్డు మీద నేను చూసిన మదుముల్లో (రోడ్డు కింద నీళ్ళు పోయే కల్వర్టుల్లో) సగం నోళ్ళు మూసుకుపోయి ఉన్నాయి.

మూడోది కోరాపుట్ వైపు, 26వ నంబరు, 326వ నంబరు రోడ్లు. అక్కడ బరువు, మలుపు, బ్రేకు మూడూ కలిసి పనిచేస్తాయి. ఖనిజం, గ్రానైటు, సిమెంటు లారీలు ఘాట్‌లో దిగుతూ వంతెన మీదే బ్రేకు వేస్తాయి. 2018 జూలైలో కేంద్రం లారీల ఇరుసు బరువు పరిమితి పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకి 10.2 టన్నుల నుంచి 11.5కి, అన్నిటికన్నా పెద్ద బండి మొత్తం బరువుకి 49 నుంచి 55 టన్నులకి. వంతెనలు మాత్రం పాతవే. వాటి జాయింట్లు, బేరింగులు ముందుగా అలిసిపోతాయి.

మీ వంతెన ఈ మూడిట్లో ఎక్కడ పడుతుందో తేల్చుకోకుండా కింది పోలికలు చదివితే ఉపయోగం లేదు.

పైన తారు: మళ్ళీ వేయడమా, గీసి వేయడమా

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. రోడ్డుకి కొత్త తారు పడుతున్నప్పుడు వంతెన మీదుగా కూడా అదే పొర సాగిపోతుంది. కాంట్రాక్టరుకి సులువు, ప్రయాణికుడికి నునుపు. ఒక్కసారి లెక్క వేయండి. 25 మీటర్ల స్పాను (రెండు స్తంభాల మధ్య భాగం), 7.5 మీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల పొర. అంటే సుమారు తొమ్మిదిన్నర ఘనపు మీటర్ల తారు కంకర, ఇరవై రెండు టన్నుల బరువు. లోడు లారీ ఒకటి ఎప్పటికీ ఆ స్పాను మీదే నిలబడినట్టు. ఇలా మూడు పొరలు వేసిన వంతెనలు నేను చూశాను. డ్రిల్లు చేసి మందం కొలిస్తే అక్కడున్నవాళ్ళందరూ మౌనంగా ఉండిపోయారు.

బరువు ఒక్కటే కాదు. పైపొర జాయింటుని కప్పేస్తుంది, నెల తిరక్కుండా అక్కడే పగులుతుంది. నీళ్ళ గొట్టం నోరు తారు కింద పడిపోతుంది. కర్బు (అంచు గట్టు) ఎత్తు తగ్గిపోతుంది.

రెండో దారి, పాత పొర గీసి తీసేసి అంతే మందంలో కొత్తది వేయడం. మూడోది, గీసి తీశాక స్లాబు మీద నీళ్ళు దిగని పొర పరిచి ఆపైన తారు వేయడం. నేను మూడోదానికే ఓటు వేస్తాను, ముఖ్యంగా తీరం వైపు. స్లాబు బయటపడే అవకాశం పదేళ్ళకో పన్నెండేళ్ళకో ఒకసారి వస్తుంది, ఆ రోజు దాన్ని కప్పకుండా వదిలేయడం పాపం. రాయగడ లోపలి ప్రాంతాల్లో గీసే యంత్రం దొరకదని అంటారు, నిజమే. అందుకని జాక్ హామరుతో కొట్టించకండి, స్లాబులో ఊచల్ని కప్పే కాంక్రీటు దెబ్బతింటుంది. నాలుగైదు వంతెనలు ఒకే వర్క్ ఆర్డరులో కలిపితే యంత్రం బరంపురం నుంచో విశాఖ నుంచో వస్తుంది. కలపడం కుదరకపోతే ఆ ఏడు గుంటలు మాత్రం పూడ్చి ఆగండి. పైపొర వేయడం కన్నా ఆగడమే మేలు.

జాయింటు, బేరింగు

25 మీటర్ల కాంక్రీటు స్పాను 30 డిగ్రీల వేడి తేడాకి సుమారు 9 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ కదలికకి చోటివ్వడానికే జాయింటు. చిన్న స్పాన్లకి తారు ప్లగ్ జాయింటు (సందులో తారు, కంకర నింపేది) చవక, ఒక్క రాత్రిలో వేయొచ్చు. కానీ ఘాట్ రోడ్ల మీద ఎండకి మెత్తబడి, బ్రేకులకి ముందుకి తోసుకుపోతుంది. కోరాపుట్ వైపు దాన్ని వద్దంటాను. స్ట్రిప్ సీల్ జాయింటు సుమారు 80 మిల్లీమీటర్ల కదలిక దాకా పనికొస్తుంది. రెండు ఉక్కు అంచులు, మధ్యన రబ్బరు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. నీళ్ళు కారుతున్నాయనగానే జాయింటు మొత్తం మార్చాలని ఎస్టిమేటు వస్తుంది. తీసి చూస్తే ఉక్కు అంచులు గట్టిగానే ఉంటాయి, రబ్బరు మాత్రం చిరిగి ఉంటుంది. రబ్బరు ఒక్కటే మార్చితే ఖర్చు చాలా తగ్గుతుంది. దాన్ని అతుకు లేకుండా ఒకే ముక్కగా వేయించాలి. మధ్యలో అతికిస్తే ఆ అతుకులోంచే మళ్ళీ కారుతుంది.

జాయింటులోంచి కారే నీళ్ళు ఎక్కడికి పోతాయి? నేరుగా స్తంభం తలమీద, బేరింగు చుట్టూ నిలుస్తాయి. అందుకే ఈ రెండిటినీ విడదీసి చూడను. 2025 జూలై 9న గుజరాత్‌లో మహీ నది మీది గంభీరా వంతెన స్పాను కూలి కనీసం ఇరవై మంది చనిపోయారు. 1985లో కట్టినది, ముసలిది కాదు. అక్కడి ప్రభుత్వం చెప్పిన మొదటి కారణం బేరింగు పెడస్టల్ (బేరింగు కింది దిమ్మ), ఆర్టిక్యులేషన్ జాయింటు (ఒక స్పాను ఇంకోదాని మీద ఆనే చోటు) నలిగిపోవడం. రోడ్డు మీంచి కారులో వెళ్ళే ఆఫీసరుకి ఆ చోటు ఎప్పటికీ కనబడదు.

బేరింగుకి మూడు దారులున్నాయి. శుభ్రం చేయడం, కింది పెడస్టల్ బాగుచేయడం, మొత్తం మార్చడం. రబ్బరు బేరింగు కొంచెం ఉబ్బినంత మాత్రాన మార్చనక్కర్లేదు. అడ్డంగా చీలినా, లోపలి రేకు బయటపడినా, ఒకపక్కకి జారిపోయినా మార్చాలి. మార్చాలంటే ఆ స్తంభం మీది గిర్డర్లన్నిటినీ (పొడవు దూలాలన్నిటినీ) ఒకేసారి, ఒకే ఎత్తుకి, మిల్లీమీటర్ల లెక్కన జాకీలతో లేపాలి. ఒక్కొక్క గిర్డరుగా లేపుతానన్న మేస్త్రిని సైటులోంచి పంపేయండి, స్లాబు పగులుతుంది. పాత వంతెనల్లో జాకీ పెట్టడానికి చోటే ఉండదు. ఆ ఖర్చూ తంటా చూశాక, ఏడాదికి రెండుసార్లు నిచ్చెన వేసి పార, చీపురుతో స్తంభం తల ఊడ్పించడం ఎంత గొప్ప పనో తెలుస్తుంది.

పెచ్చులూడిన చోట: పూత పూయడమా, లోపలికి వెళ్ళడమా

ఒకసారి తీరం దగ్గరి వంతెన ఒకటి చూశాను. కింద స్లాబుకి మెరిసే కొత్త సిమెంటు పూత, మీద తెల్ల రంగు. బిల్లు పాసయింది. రెండేళ్ళు తిరక్కుండా ఆ పూతే రేకులుగా కిందపడింది. అంతకన్నా బాధేమంటే, పూత పూసినవాళ్ళు నీళ్ళు దిగే గొట్టాల చివర్లు కూడా మూసేశారు. అప్పటి తనిఖీ ఫారంలో సంతకం చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంతకం నన్ను ఇప్పటికీ వదలదు.

కాబట్టి పూతకి ముందు రెండు పరీక్షలు. మొదటిది సుత్తి. కాంక్రీటు మీద మెల్లగా కొడుతూ పొండి. గట్టిచోట ఖంగుమంటుంది, పొర విడిచినచోట డప్పులా మోగుతుంది. సుద్దతో గీత గీయండి. రెండోది ఫినాఫ్తలీన్. అప్పుడే కొట్టి తీసిన ముక్క మీద చల్లితే, క్షారగుణం నిలిచిన కాంక్రీటు గులాబీరంగుకి మారుతుంది, గాలిలోని బొగ్గుపులుసు వాయువు తినేసిన భాగం రంగు మారదు. రంగు మారని లోతు ఊచదాకా వచ్చిందంటే ఊచకి కాపలా పోయినట్టే. తీరంలో ఈ రెండోది ఒక్కటే నమ్మకండి. ఉప్పు పట్టిన కాంక్రీటు కూడా నిండు గులాబీరంగు చూపిస్తూనే లోపల తుప్పు పట్టి ఉంటుంది. అక్కడ హాఫ్ సెల్ పరీక్ష (ఊచ దగ్గర వోల్టేజి కొలిచేది) చేయించండి. రాగి సల్ఫేటు ఎలక్ట్రోడుతో కొలిచినప్పుడు మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి పోతే తుప్పు నడుస్తున్న అవకాశం 90 శాతం పైమాటే అని లెక్క.

కొండ వైపు, ఉప్పులేని చోట, మంచి పని ఇలా ఉంటుంది. వదులైన కాంక్రీటు ఊచ వెనక దాకా కొట్టేసి, తుప్పు గీకి, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపి, మొత్తం మీద గాలి దిగని పూత వేయాలి. ఇది ఏళ్ళ తరబడి నిలుస్తుంది. తీరం వైపు ఇదే పని చేస్తే ఒక చిక్కు. బాగుచేసిన ముక్క చుట్టూ ఉన్న పాత, ఉప్పు కాంక్రీటులో తుప్పు ఇంకా జోరుగా మొదలవుతుంది. కొత్త ముక్క దగ్గర ఊచ సురక్షితం కావడంతో ఆ విద్యుత్ రసాయన చర్య పక్కకి జరుగుతుంది. అందుకే తీరంలో మరమ్మతు అంచుల్లో చిన్న జింకు ముక్కలు ఊచకి కట్టించమంటాను. ఊచకి బదులు జింకు అరిగిపోతుంది. ఖర్చు ఎక్కువే. కానీ అదే చోట రెండుసార్లు పని చేయడం కన్నా తక్కువ.

పగుళ్ళకి ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ఎక్కించడం అన్నిచోట్లా మందు కాదు. కదులుతున్న పగులుకి ఎపాక్సీ ఎక్కిస్తే దాని పక్కనే కొత్త పగులు వస్తుంది. పగులు మీద అడ్డంగా గాజుపలక అంటించి రెండు నెలలు చూడండి. పలక చిట్లితే పగులు బతికే ఉంది, ముందు కారణం వెతకండి.

ఇనుప ట్రస్సు వంతెనలకి ఒక్కమాట: రంగు కన్నా ముందు రివెట్ల దగ్గర మట్టి తీయడం, రంగుకి ముందు తుప్పు పూర్తిగా గీకడం. అది జరగకపోతే ఎంత ఖరీదైన రంగైనా దండగే.

కాళ్ళకింద కోత

మన గెడ్డల మీద వంతెన పోయిందంటే పైనుంచి కాదు, కిందినుంచే. వరద ఉధృతిలో స్తంభం చుట్టూ ఇసుక లేచిపోయి గొయ్యి పడుతుంది. వరద తగ్గుతుంటే అదే గోతిలో మళ్ళీ వదులు ఇసుక నిండుతుంది. మాఘంలో వెళ్ళి చూస్తే చదునుగా, బాగుందనిపిస్తుంది. ఆ చదును మోసం చేస్తుంది. వరద ఉన్నప్పుడే తాడుకి బరువు కట్టి వంతెన మీంచి లోతు కొలవాలి, లేదా వేసవిలో చువ్వ గుచ్చి వదులు ఇసుక ఎంత లోతుందో చూడాలి.

విడిగా బండరాళ్ళు పోయడం చవక. రాయి పెద్దదైతే, నీటివేగం తక్కువైతే ఫర్వాలేదు. గజపతి గెడ్డల్లో మొదటి పెద్ద వరదకే అవి కిందికి దొర్లిపోతాయి. తీగవలలో రాళ్ళు కట్టిన గ్యాబియన్లు వాటికన్నా మేలే. కానీ కొండ గెడ్డల్లో దొర్లే బండలు తీగని కోసేస్తాయి, గట్టు వారకే అవి బాగుంటాయి. స్తంభాల మధ్య అడుగంతా కాంక్రీటు పరిచి, ఎగువన దిగువన లోతుగా కర్టెన్ గోడలు కట్టి, వాటి ముందు రాళ్ళ ఏప్రాన్ (పరుపు) వేయడం మూడోది. లోతు తక్కువ పునాదుల మీది వంతెనలకి ఇదే సరైనది. అయితే దిగువ గోడ లోతు తగ్గించి బిల్లు తగ్గించామని సంతోషపడకండి, నీరు దాని కిందినుంచే మొదలుపెడుతుంది. వెల్ ఫౌండేషన్ లాంటి లోతైన పునాదులకి ఈ అడుగు పరచడం చాలావరకు అనవసరం. వాటికి లోతు కొలిచి రాసుకునే పుస్తకం చాలు.

ఇసుక సంగతి కూడా చెప్పాలి. 2024 జూన్, జూలై నెలల్లో బీహార్‌లో కొద్ది వారాల్లో పదికి పైగా చిన్న వంతెనలు కూలాయి. వాటిలో కొన్నింటికి, నదుల్లో పూడిక తీసేటప్పుడు పునాదుల పక్కన జాగ్రత్త తీసుకోలేదని అక్కడి అధికారులే చెప్పి ఇంజనీర్లను సస్పెండ్ చేశారు. మన ఏర్లలో వంతెన పక్కన ట్రాక్టరు దిగిన గుర్తులు కనబడితే, ముందు ఆ దారి మూయించండి. రాళ్ళ ఎస్టిమేటు తరవాత రాయొచ్చు. ఊరివాళ్ళతో తెలుగులోనో, ఒడియాలోనో, సవర తెలిసినవాళ్ళని వెంటబెట్టుకునో కూర్చుని మాట్లాడండి. వంతెన పోతే ఆస్పత్రికి తోవ లేకుండా పోయేది వాళ్ళకే. ఆ సంగతి వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు.

ఎవరితో చేయించాలి

శాఖ గ్యాంగు, ఏడాది టెండరు, కొన్నేళ్ళ పనితీరు కాంట్రాక్టు. ఈ మూడిట్లో ఏది మేలని గంటలకొద్దీ వాదించుకుంటారు. పని రకాన్ని బట్టి విడదీస్తే వాదన సగం తగ్గుతుంది.

గొట్టాలు, జాయింట్లు, బేరింగు చుట్టూ శుభ్రం, గోడ పగుళ్ళలో మొలిచిన రావి మొక్కలు పీకడం లాంటివి చిన్న పనులు, తరచుగా చేయాల్సినవి. టెండరు పిలిచి, తెరిచి, ఒప్పందం రాసేలోపు వానలు వచ్చేస్తాయి. వీటికి నలుగురైదుగురు మనుషులు, ఒక చిన్న బండి, నిచ్చెన ఉన్న గ్యాంగుని మించింది లేదు. ఇలాంటి గ్యాంగులు మా చిన్నప్పటికన్నా ఇప్పుడు చాలా తగ్గిపోయాయి. గ్యాంగు లేని డివిజనులో స్వల్పకాలిక మెయింటెనెన్స్ కాంట్రాక్టు, అంటే ఏడాది రెండేళ్ళది, వాడుకోవచ్చు. కానీ అందులో గొట్టాలు తెరవడాన్ని ఒక ఐటెంగా, వంతెన నంబరుతో, ఏడాదికి ఎన్నిసార్లో రాయాలి. "అవసరమైనప్పుడు శుభ్రం" అని రాస్తే ఆ అవసరం ఎప్పటికీ రాదు.

ఐదేళ్ళు, ఏడేళ్ళు సాగే పనితీరు కాంట్రాక్టులో కాంట్రాక్టరుకి నెలనెలా డబ్బు, రోడ్డు చెప్పిన స్థాయిలో లేకపోతే కోత. రోడ్డు పైభాగానికి ఇది బాగా పనిచేస్తుంది. గుంట అందరికీ కనబడుతుంది, కొలవొచ్చు. వంతెన విషయంలో ఒప్పందంలో రాసిన కొలతలు చదవండి. గుంటలు, రంగు, రెయిలింగు గురించి పేజీలు ఉండి బేరింగు గురించి ఒక్క వాక్యమే ఉంటే, కాంట్రాక్టరు రంగు వేసి ఊరుకుంటాడు, తప్పు అతనిది కాదు. బేరింగు ఫోటోలు, పునాది దగ్గర అడుగు మట్టం, హాఫ్ సెల్ అంకెలు ఏడాదికోసారి ఇవ్వాలనీ, ఇవ్వకపోతే కోత ఉంటుందనీ రాస్తే ఈ దారి మిగతా రెండిటికన్నా మెరుగు.

ఇప్పుడు కోరాపుట్ వైపు రాయపూర్–విశాఖ కొత్త కారిడార్ పడుతోంది. ఇది హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి. కట్టినవాళ్ళే పదిహేనేళ్ళు చూసుకోవాలి. అక్కడ ఉద్యోగం దొరికిన పిల్లలకి నేను చెప్పేది ఒకటే. అప్పగించిన మొదటి నెలలోనే ప్రతి స్తంభం, ప్రతి బేరింగు కొలిచి ఫోటో తీసి దాచండి. మొదటి రోజు కొలత లేకపోతే, పదో ఏట కనబడ్డ పగులు పుట్టుకతోనే ఉందా, తరవాత వచ్చిందా అని ఎవరూ చెప్పలేరు.

తనిఖీకి డ్రోను బాగుంది, ఎత్తైన స్తంభాలకి ఉపయోగం. కిందికి చెయ్యి చాచే మొబైల్ బ్రిడ్జి ఇన్‌స్పెక్షన్ యూనిట్ ఇంకా బాగుంది. కానీ డ్రోను సుత్తి దెబ్బ వినలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్పీ 35 పుస్తకంలో చెప్పిన రొటీన్, ప్రిన్సిపల్, స్పెషల్ తనిఖీల్లో రొటీన్‌కి కాళ్ళు, సుత్తి, టార్చి చాలు. ప్రిన్సిపల్‌కి చేయి తగిలేంత దగ్గరికి పోవాలి, అప్పుడు యూనిట్ తెప్పించండి. తుపాను, పెద్ద వరద, ఓవర్‌లోడు బండి ప్రమాదం, వీటి తరవాత స్పెషల్. దీనికి మాత్రం ఎవరి ఆర్డరు కోసమూ ఎదురుచూడకండి.

డబ్బు చాలా తక్కువగా ఉన్న ఏడు

గుణుపురం సెక్షనులో నా చేతికి ఒకసారి అడిగినదానిలో మూడోవంతే వచ్చింది. జాయింట్లు, పూతలు అన్నీ పక్కన పెట్టాను. రోహిణి కార్తెలోపు అన్ని వంతెనల గొట్టాలూ, మదుముల నోళ్ళూ తెరిపించాను. స్తంభం మొదట్లో గొయ్యి పడ్డ రెండు వంతెనలకే కర్టెన్ గోడ కట్టించాను. మిగిలిన చిన్న మొత్తంతో రెండు డబ్బాల రంగు కొని, ప్రతి వంతెన దిగువ వైపు స్తంభం మీద అడుగు మట్టం నుంచి అర మీటరుకొక గీత గీయించి అంకెలు వేయించాను. ఆ ఏడు ఆశ్వయుజంలో ఏరు పొంగినప్పుడు గట్టుమీది టీకొట్టు ఆయన ఫోన్ చేసి, "బాబూ, నీళ్ళు మూడో గీత దాటాయి, లారీలు ఆపించమంటావా?" అని అడిగాడు. ఆపించమన్నాను. తెల్లవారి నీరు తగ్గాక వెళ్ళి తాడు వదిలి చూస్తే, గోడ కట్టిన చోట అడుగు అలాగే ఉంది. గోడ లేని మూడో వంతెన దగ్గర మీటరున్నర పోయింది. తరవాతి ఏడు ఎస్టిమేటులో మొదటి పేరు దానిదే రాశాను.